ఒకే ఫోన్‌లో బడి, బ్యాంకు: డౌన్‌లోడ్ గురించి ఇంట్లో కూర్చుని చదవాల్సిన పాఠం



ఈ నెల పాఠం మీకూ మీ పిల్లలకూ కలిపి రాసింది. వీలైతే రాత్రి భోజనాలు అయ్యాక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ దగ్గర పెట్టుకుని చదవండి. మధ్యలో రెండు మూడు చోట్ల ఫోన్ తెరిచి చూడాల్సి వస్తుంది.

జనగామలో అయినా, మహబూబాబాద్‌లో అయినా, భూపాలపల్లిలో అయినా మన పిల్లల ఇళ్లలో నేను చూసేది దాదాపు ఒకటే. ఇంట్లో రెండు మూడు ఫోన్లు ఉంటాయి, కానీ నెట్ బాగా వచ్చే మంచి ఫోన్ ఒకటే ఉంటుంది. హోంవర్క్ పీడీఎఫ్ వచ్చేది అందులోకే. ఫీజు రసీదు వచ్చేది అందులోకే. మిర్చి అమ్మిన డబ్బు ఖాతాలో పడ్డ మెసేజ్, సింగరేణి జీతం మెసేజ్, మహిళా సంఘం అప్పు కిస్తీ మెసేజ్ అన్నీ అందులోకే. పగలంతా నాన్న జేబులో తిరిగిన ఫోన్ సాయంత్రం ఆరు దాటితే పిల్లల చేతికి వస్తుంది. అంటే బడి, బ్యాంకు రెండూ ఒకే గదిలో నడుస్తున్నాయి, ఆ గది తాళంచెవి పదకొండేళ్ల పిల్లల దగ్గర ఉంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మన ఇళ్లలో ఏ యాప్ కావాలన్నా దించేది పిల్లలే. "బిడ్డా, ఇది కొంచెం వెయ్యి" అని మనమే ఇస్తాం. ఇంగ్లిష్‌లో వచ్చే ప్రశ్నలన్నిటికీ వాళ్లే "అలౌ, అలౌ" అని నొక్కేస్తారు. ఇంతకీ ఆ "అలౌ" అంటే దేనికి ఒప్పుకున్నట్టు? దాన్నే ఈ రోజు కాస్త నింపాదిగా చూద్దాం.

ఎందుకు మధ్యలో ఆగిపోతుంది?

"మేడమ్, మా బాపు ఫోన్‌ల స్టోరేజ్ ఫుల్ అయింది, అందుకే హోంవర్క్ రాలే." ఇది నేను వారానికోసారైనా వినే మాట. కొందరిది సాకు, నిజమే. కానీ ఎక్కువ మందిది సాకు కాదు.

ముందు స్పీడు సంగతి. కనెక్షన్ ఇచ్చేవాళ్లు "100 ఎంబీపీఎస్" అంటారు. ఫైలు మీద "100 ఎంబీ" అని ఉంటుంది. రెండూ ఒకటేననుకుని ఒక్క సెకనులో రావాలి కదా అనుకుంటాం. ఇంగ్లిష్‌లో రాసినప్పుడు మొదటిదానిలో చిన్న బీ, రెండోదానిలో పెద్ద బీ ఉంటుంది. చిన్న బీ అంటే బిట్, పెద్ద బీ అంటే బైట్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 100 ఎంబీపీఎస్ లైను మీద సెకనుకు వచ్చేది ఎక్కువలో ఎక్కువ 12.5 ఎంబీ. మోసమేమీ లేదు, కొలత వేరు. పాలు లీటర్లలో కొని, శేర్ల లెక్కన కొలుచుకున్నట్టు.

ఇక ఊళ్లో మన ఫోన్‌కు నిజంగా అందేది సెకనుకు 2 మెగాబిట్లే అనుకోండి. 45 ఎంబీ ఉన్న పాఠ్యపుస్తకం పీడీఎఫ్ దిగడానికి 180 సెకన్లు, అంటే మూడు నిమిషాలు పడుతుంది. ఒక జీబీ సినిమా దిగడానికి 4,000 సెకన్లు, అంటే గంటా ఏడు నిమిషాలు. ఇది మధ్యలో ఎక్కడా తెగకుండా ఉంటే. పలిమెల, మహాముత్తారం వైపు గానీ, కొత్తగూడ, గంగారం వైపు గానీ అడవి అంచు ఊళ్లలో బంధువులు ఉన్నవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

98 శాతం దగ్గర ఆగిపోతే ఎంత కోపం వస్తుందో నాకూ తెలుసు. ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకోవడం అనేది మన ఫోన్ ఒక్కదాని చేతిలో లేదు. అవతల ఫైలు దాచి ఉన్న కంప్యూటర్, అంటే సర్వర్, "మిగిలిన ముక్క మాత్రమే ఇస్తాను" అని ఒప్పుకోవాలి. కొన్ని ఒప్పుకుంటాయి. కొన్ని మొదటి నుంచి మొదలుపెట్టమంటాయి. అందుకే పెద్ద ఫైళ్లను పట్నంలో ఉన్నప్పుడు, వైఫై ఉన్నచోట దించుకుని ఊరికి వెళ్లడమే మేలు.

ప్లే స్టోర్‌లో "పెండింగ్" అని గంటల తరబడి చూపిస్తే చాలాసార్లు కారణం చిన్నదే. వెనకాల ఇంకో పది యాప్‌లు అప్‌డేట్ కోసం వరసలో నిలబడి ఉంటాయి. లేదా "వైఫై ఉంటేనే" అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. ఆ వరసను ఆపితే కావాల్సిన యాప్ ముందుకు వస్తుంది.

స్టోరేజ్ విషయంలో మాత్రం తప్పు పిల్లల గేములదే అని తీర్పు చెప్పకండి. ఒకసారి వాట్సాప్ సెట్టింగ్స్‌లో "స్టోరేజ్ అండ్ డేటా" తెరవండి. అక్కడ "మీడియా ఆటో డౌన్‌లోడ్" అని ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నన్నాళ్లు పొద్దున్నే వచ్చే శుభోదయం పూలు, దేవుడి బొమ్మలు, కుల సంఘం వీడియోలు, ప్లాట్ల అమ్మకం వీడియోలు అన్నీ మనం అడగకుండానే దిగుతూ ఉంటాయి. మన డేటా తింటాయి, మన చోటు తింటాయి. వీడియోల ఎదురుగా ఉన్న టిక్ తీసేయండి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే రెండు నిమిషాల్లో చేస్తారు. వాళ్లకు భలే ఆనందం కూడా, ఎందుకంటే ఈసారి దొరికిపోయింది పెద్దవాళ్లు.

ఇంకో సంగతి. యాప్‌ను దించుకున్నంత చోటే ఉంటే సరిపోదు. అది మూట విప్పుకున్నట్టు విప్పుకుంటుంది, దానికి అంతకంటే ఎక్కువ చోటు కావాలి. అందుకే "60 ఎంబీయే కదా, 80 ఎంబీ ఖాళీ ఉంది కదా" అన్నా ఫోన్ వద్దంటుంది.

దిగినా మనది కానిది

పిల్లలు ఒక్కోసారి ఏడుపు ముఖంతో వస్తారు. "నిన్న డౌన్‌లోడ్ చేసిన పాఠం ఈ రోజు రావట్లేదు మేడమ్" అని. యూట్యూబ్‌లో గానీ, సినిమాలు చూపించే ఓటీటీ యాప్‌లలో గానీ "డౌన్‌లోడ్" అంటే ఫైలు మన చేతికి ఇవ్వడం కాదు, కొన్ని రోజుల పాటు ఆ యాప్ లోపలే చూసుకోవడానికి అద్దెకు ఇచ్చినట్టు. గడువు దాటితే మళ్లీ నెట్ ఆన్ చేయాలి. ఇంకో ఫోన్‌కు పంపలేం. పరీక్షల ముందు ఊరికి వెళ్తున్నప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. పీడీఎఫ్ అయితే అలా కాదు. ఒకసారి దిగితే మీ ఫైల్స్‌లో ఉంటుంది, చెల్లి ఫోన్‌కూ పంపవచ్చు.

డౌన్‌లోడ్ విలువ మన ప్రాంతానికి బాగా తెలిసింది కరోనా ఏడాదిలో. 2020 సెప్టెంబర్ 1న రాష్ట్రంలో ఇంటి నుంచి చదువు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు చెప్పారు. నెట్ లేని ఇంటికి టీవీ పెద్ద ఆసరా. కానీ టీవీ పాఠం ఒకసారి వెళ్లిపోతే వెళ్లిపోయినట్టే, అర్థం కాని చోట ఆపి మళ్లీ చూడలేం. ఫోన్‌లో దాచుకున్న పాఠాన్ని పదిసార్లు చూడవచ్చు. అందుకే నేను డౌన్‌లోడ్‌కు వ్యతిరేకిని కాదు. పిల్లలకు అది నేర్పాలి అనే పక్షం.

నాలుగు పచ్చ బటన్లు

ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోసమో, పాత ప్రశ్నపత్రం కోసమో వెతికితే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో నాలుగు పచ్చ బటన్లు. నాలుగింటి మీదా "డౌన్‌లోడ్" అనే ఉంటుంది. నిజమైనది ఏది? చాలాసార్లు నాలుగూ కాదు. అవి ప్రకటనలు. ఎవరో డబ్బు కట్టి, మనం పొరపాటున నొక్కాలనే ఆ రంగులో, ఆ సైజులో పెట్టించినవి. అసలు లింకు ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పిల్లలకు నేను చెప్పే ఉపాయం ఒకటే. పేజీ మీద కాదు, పేజీ పైన ఉన్న అడ్రస్ బార్ వైపు చూడమంటాను. అది తయారుచేసినవాళ్ల సొంత సైటేనా? పాఠ్యపుస్తకమైతే తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ సైట్, లేదా ఎన్‌సీఈఆర్‌టీ సైట్. రెండింటిలోనూ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగానే ఉన్నాయి. వాటినే టెలిగ్రామ్ గ్రూపుల్లో 99 రూపాయలకు, 149 రూపాయలకు అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. దయచేసి కొనకండి. 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు గారు ప్రారంభించిన దీక్ష వేదిక కూడా ఉచితమే. పుస్తకంలో పాఠం దగ్గర కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఆ యాప్‌తో స్కాన్ చేస్తే దానికి సంబంధించిన వీడియో వస్తుంది, దించుకుని నెట్ లేకుండానే చూడవచ్చు.

కంప్యూటర్ ఉన్న ఇళ్లకు ఒక మాట. "వెయ్యి రూపాయలు ఇవ్వండి, అన్ని సాఫ్ట్‌వేర్లూ వేసిస్తాం" అనే షాపులు ప్రతి పట్నంలో ఉన్నాయి. వాళ్లు వేసేదాంట్లో చాలా భాగం తాళం పగలగొట్టిన కాపీ. దాన్ని గుర్తుపట్టడం తేలిక. వేసే ముందు "యాంటీవైరస్ ఆఫ్ చేయాలి" అంటారు. ఇంట్లోకి వచ్చేవాడు ముందు కుక్కను కట్టేయమంటే ఎందుకని అడుగుతాం కదా, ఇక్కడా అడగాలి. పిల్లల ప్రాజెక్టు పనికి లిబ్రే ఆఫీస్ చాలు, వీడియోలకు వీఎల్‌సీ చాలు. రెండూ పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా అదే వాడుతున్నవాళ్లు ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయకపోవడం మంచిది.

ఐబొమ్మ సంగతి

దీని గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆరో తరగతి పిల్లలకు కూడా ఆ పేరు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

2025 నవంబర్‌లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఐబొమ్మ, బప్పం సైట్లను నడిపిస్తున్నాడన్న ఆరోపణ మీద ఒకరిని అరెస్టు చేశారు. ఆ తర్వాత సోషల్ మీడియాలో చాలా మంది అతని వైపే మాట్లాడారు. టికెట్ల ధరలు చూస్తే ఆ కోపం నాకు అర్థమవుతుంది. నలుగురున్న కుటుంబం కొత్త సినిమాకు వెళ్లి, ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కొంటే కూలీ పని చేసే ఇంటికి మూడు రోజుల సంపాదన పోతుంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాల్లో దొంగతనంగా సినిమాను రికార్డు చేసినా, దొంగ కాపీని లాభం కోసం ప్రదర్శించినా మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా అని పెట్టారు. సినిమా తీసినవాళ్ల నష్టం ఎంతో ఆ శిక్షే చెబుతోంది.

అయితే తల్లిదండ్రులుగా మనం చూడాల్సింది ఇంకొకటి ఉంది. సుమారు 50 లక్షల మంది వినియోగదారుల వివరాలు అతని దగ్గర ఉన్నాయని, సినిమా కోసం వచ్చినవాళ్లను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించి డబ్బు సంపాదించారని పోలీసులు చెప్పారు. నిజానిజాలు కోర్టులో తేలాలి. కానీ ఇలాంటి సైట్లు ఏవి తెరిచినా, ఒక్క సినిమా మొదలయ్యేలోపు ఎన్ని పేజీలు వాటంతట అవే తెరుచుకుంటాయో మీ పిల్లలనే అడగండి. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలను 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అలాంటి యాప్‌లకు మామూలు దారి మూసుకుపోయింది కనుక అవి పక్కదారిలో వస్తాయి. ఆ పక్కదారి పేరే ఏపీకే.

ఏపీకే అంటే ఏమిటి?

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి ఎక్కించే యాప్‌ను మూట కట్టిన ఫైలు. అది స్వయంగా చెడ్డది కాదు. ప్లే స్టోర్ నుంచి వచ్చేది కూడా ఆ మూటల రూపంలోనే వస్తుంది, కాకపోతే అక్కడ కాస్తో కూస్తో తనిఖీ జరుగుతుంది. వాట్సాప్‌లోనో, టెలిగ్రామ్‌లోనో నేరుగా వచ్చిన మూటను ఎవరూ తనిఖీ చేయరు.

ప్రతి ఫైలు పేరు చివర చుక్క పెట్టి మూడు నాలుగు అక్షరాలు ఉంటాయి. జేపీజీ అంటే ఫొటో. పీడీఎఫ్ అంటే కాగితం. ఎంపీ4 అంటే వీడియో. ఏపీకే అంటే ఫోన్‌లోకి వచ్చి కూర్చుని పని చేసే యాప్. పెళ్లి పత్రిక ఫొటోగా రావచ్చు, పీడీఎఫ్‌గా రావచ్చు, వీడియోగా రావచ్చు. ఏపీకేగా రావడానికి ఏ కారణమూ లేదు. ట్రాఫిక్ చలాన్ అయినా అంతే. నిజంగా చలాన్ పడిందో లేదో తెలుసుకోవాలంటే తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూస్తే చాలు. పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు రివార్డు పాయింట్ల పేరుతో, ఆర్టీఓ చలాన్ పేరుతో, పెళ్లి పిలుపు పేరుతో తిరుగుతున్న ఇలాంటి ఫైళ్ల గురించి తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పదే పదే హెచ్చరిస్తూనే ఉంది.

ఇవి తెలియని నంబరు నుంచే వస్తాయనుకోకండి. ఒకరి ఫోన్‌లో చేరిన దొంగ యాప్ వాళ్ల వాట్సాప్ నుంచే అందరికీ తనను తాను పంపుకుంటుంది. అందుకే మేనమామ పేరు మీద వస్తుంది, ఊరి గ్రూపులో వస్తుంది.

మహబూబాబాద్ దగ్గర ఒక తండా నుంచి వచ్చే మా ఎనిమిదో తరగతి అమ్మాయి చెప్పిన సంగతి ఇది. వాళ్ల నాన్నకు బంధువు నంబరు నుంచి పెళ్లి కార్డు అని వచ్చింది. ఆయన నొక్కబోతుంటే ఈ పిల్ల పేరు చివర చదివి, "బాపూ, ఇది కార్డు కాదు, యాప్. మామకు ఫోన్ చేసి అడుగు" అంది. ఫోన్ చేస్తే అవతల మామ తల పట్టుకుని కూర్చున్నాడట, "నేనేం పంపలేదు, పొద్దుటి నుంచి అందరూ ఇదే అడుగుతున్నారు" అని. ఫైలు పేరు చివరున్న ఇంగ్లిష్ అక్షరాలు ఆ పిల్ల చదవగలిగింది. మామకు ఫోన్ చేస్తే నిజం తెలుస్తుందన్నది తండ్రి వెంటనే పట్టించుకున్నాడు. ఇద్దరూ ఒకేచోట కూర్చుని ఉండబట్టి ఆ ఇల్లు బయటపడింది.

ఒకవేళ నొక్కితే లోపల ఏం జరుగుతుంది? ముందు ఫోన్ అడ్డుపడుతుంది. "ఇలాంటి చోటి నుంచి వచ్చిన యాప్‌ను వేయడానికి అనుమతి లేదు" అంటుంది. మనం సెట్టింగ్స్‌లోకి వెళ్లి "అలౌ" అంటాం. తర్వాత ఆ యాప్ ఎస్ఎంఎస్‌లు చదవనివ్వమంటుంది. మళ్లీ "అలౌ". అంతే, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ మనకంటే ముందు వాళ్లకు చేరుతుంది. కొన్ని యాప్‌లు "యాక్సెసిబిలిటీ" అనుమతి అడుగుతాయి. అది చూపు సరిగా లేనివాళ్లకు సాయం చేయడానికి పెట్టిన సౌకర్యం. దాన్ని దొంగ యాప్‌కు ఇస్తే మన తెర మీద ఉన్నదంతా చూస్తుంది, మన బదులు అదే నొక్కుతుంది. పెళ్లి కార్డుకు మన మెసేజ్‌లతో పనేంటి? టార్చిలైట్ యాప్‌కు మన కాంటాక్టులతో పనేంటి? పిల్లలకు నేర్పాల్సిన ప్రశ్న ఇదే.

ఇప్పుడు ఫోన్ తెరవండి. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట "అన్‌నోన్ యాప్స్" అని కొట్టండి. "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అన్న పేజీ వస్తుంది. అందులో వాట్సాప్, టెలిగ్రామ్, క్రోమ్ ఎదురుగా "నాట్ అలౌడ్" అని ఉండాలి. "అలౌడ్" అని ఉంటే ఎప్పుడో ఎవరో నొక్కారన్నమాట. ఎవరని ఆరా తీయకండి, ఆఫ్ చేయండి చాలు. ప్లే స్టోర్‌లో "ప్లే ప్రొటెక్ట్" ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి.

పిల్లలు నోరు విప్పాలంటే

ఈ పాఠంలో నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే.

మా ఏడో తరగతిలో ఒక అబ్బాయి. గేములో ఉచితంగా డైమండ్లు వస్తాయని ఏదో ఏపీకే దించాడు. ఫోన్ వేడెక్కుతోంది, వింతగా మెసేజ్‌లు వస్తున్నాయి. వాడికి తేడా తెలిసింది. కానీ చెప్పలేదు. చెబితే నాన్న కొడతాడని. రెండు రోజులు జ్వరం అని బడికి రాలేదు. మూడో రోజు మిర్చి ఏరిన కూలీలకు ఇవ్వడానికి దాచిన డబ్బు పోయిందని ఇంట్లో తెలిసింది. వాడు నాతో అన్న మాట: "మేడమ్, మొదటి రోజే చెప్తే పైసలు పోకపోవు కదా?" నేను ఏం చెప్పను? అవును, బహుశా పోయేవి కావు.

ఇలాంటి మోసంలో డబ్బు ఒకచోట ఆగదు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో నాలుగు ఖాతాలకు పరిగెడుతుంది, చివరికి ఎక్కడో ఏటీఎంలో నోట్లుగా బయటికి వస్తుంది. 1930 నంబరుకు ఫోన్ చేస్తే ఆ వరసలో ఉన్న బ్యాంకులకు కబురు వెళ్లి, ఎక్కడ ఇంకా డబ్బు మిగిలి ఉంటే అక్కడ ఆపుతారు. ఎంత ముందు చెబితే అంత ఎక్కువ దొరుకుతుంది. మొదటి గంటలో చెప్పడానికీ, మూడో రోజు చెప్పడానికీ ఉన్న తేడా అదే. ఆపిన డబ్బు తిరిగి చేతికి రావడానికి కోర్టు ద్వారా సమయం పడుతుంది. మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇప్పిస్తున్నారు.

కాబట్టి ఏదైనా జరిగిందని తెలిసిన వెంటనే ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేదా సిమ్ తీసేయండి. పక్కింటివాళ్ల ఫోన్ నుంచి 1930కి చేయండి. ఆ వెంటనే బ్యాంకుకు చెప్పండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కూ వెళ్లవచ్చు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన పొరపాటు వల్ల నష్టం జరిగినా సరే, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయే డబ్బు బాధ్యత బ్యాంకుదే. చెప్పేలోపు పోయింది మాత్రం మనం భరించాల్సి వస్తుంది. పిల్లాడు భయంతో దాచిన ప్రతి గంటా ఈ లెక్కలోకి వస్తుంది.

ఇదంతా అయ్యాక ఫోన్‌ను రీసెట్ చేయించండి. మీ వాట్సాప్‌లో ఉన్నవాళ్లకు "నా నుంచి వచ్చిన ఫైలు తెరవకండి" అని ఇంకో నంబరు నుంచి చెప్పండి. సిగ్గుపడి ఊరుకుంటే అది చిన్నమ్మ ఇంటికి వెళ్తుంది.

తిట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ డబ్బు ఆపాక తిట్టండి. అంతకంటే ముందు, అసలు ఏమీ జరగని ఈ రోజునే, "ఏదైనా తప్పుగా నొక్కితే నాకే ముందు చెప్పు, కొట్టను" అని ఒక్కసారి పిల్లల ముఖం చూసి అనండి. ఒక రోజు క్లాసులో "మీలో ఎంతమందికి అమ్మ ఫోన్‌పే పిన్ తెలుసు?" అని అడిగితే చాలా చేతులు లేచాయి. "తప్పు నొక్కితే ఇంట్లో ఎంతమంది చెప్తారు?" అని అడిగితే రెండు మూడు చేతులు సగం లేచి ఆగిపోయాయి.

బీరువాలో ఉన్న పాత ఫోన్

గ్లాసు పగిలిందనో, బ్యాటరీ నిలవట్లేదనో పక్కన పడేసిన ఫోన్ చాలా ఇళ్లలో ఉంటుంది. దాన్ని బాగు చేయించి, సిమ్ వేయకుండా, బ్యాంకు యాప్‌లు ఏవీ లేకుండా పిల్లల చదువుకు ఇవ్వండి. కావాల్సినప్పుడు మీ ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇస్తే చాలు. సిమ్ లేని ఫోన్‌కు ఓటీపీ రాదు. ఓటీపీ రాని ఫోన్‌లో పిల్లలు పొరపాటున ఏది దించినా మీ ఖాతా దాకా వెళ్లడం చాలా కష్టం. బడిని, బ్యాంకును వేరు గదుల్లో పెట్టడానికి ఇంతకంటే చవకైన మార్గం నాకు కనిపించలేదు. పాత ఫోన్ లేనివాళ్లు సెట్టింగ్స్‌లో "మల్టిపుల్ యూజర్స్" లేదా "గెస్ట్" అని ఉందేమో చూడండి. అన్ని ఫోన్లలో ఉండదు, ఉంటే పిల్లలకు వేరే ఖాతా తెరిచి ఇవ్వవచ్చు.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. ఫలితాల రోజు అందరూ ఒకేసారి తెరవడం వల్ల సైట్ నిలిచిపోతుంది. ఆ పది నిమిషాల తొందరలోనే "ఫలితాలు ముందుగా చూడండి" అంటూ లింకులు, యాప్‌లు తిరుగుతాయి. ఏ యాప్ కూడా బోర్డు కంటే ముందు మార్కులు చెప్పలేదు. అరగంట ఆగండి, టీ తాగండి. మార్కులు మారిపోవు.

ఈ నెల ఇంటి పని

ఇది పిల్లలు చేసి, అమ్మగానీ నాన్నగానీ సంతకం పెట్టి తీసుకురావాలి. మీ ఫోన్‌లో ఉన్న యాప్‌లలో ఎస్ఎంఎస్ చదివే అనుమతి ఉన్నవి ఏవి? సెట్టింగ్స్‌లో "పర్మిషన్ మేనేజర్" తెరిచి ఆ పేర్లు నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా "దీనికి ఎందుకు?" అన్న ప్రశ్నకు ఒక వాక్యంలో జవాబు రాయండి. జవాబు దొరకని యాప్‌కు అమ్మానాన్నలను అడిగి అనుమతి తీసేయండి.

ఆరో తరగతి పైవాళ్లకు ఒక లెక్క కూడా. మీ ఇంట్లో సెకనుకు 4 మెగాబిట్లు అందుతున్నాయి. 90 ఎంబీ ఉన్న సైన్స్ పుస్తకం ఎంతసేపట్లో దిగుతుంది? ఎనిమిదితో గుణించడం మరిచిపోకండి. జవాబు మూడు నిమిషాలు వస్తే సరిగ్గా చేసినట్టే. నిజంగా దించి గడియారం చూస్తే ఎంత పట్టిందో కూడా పక్కనే రాసుకుని రండి, వచ్చే సోమవారం క్లాసులో మూడు బ్రాంచీల లెక్కలు పోల్చి చూద్దాం.